తొలి స్థిరాస్తి: మన ఊళ్లోనా, పక్క రాష్ట్రంలోనా?



పిల్లల మార్కుల సంగతి అయిపోయాక స్కూల్ గేటు దగ్గర ఎక్కువగా నడిచే మాట స్థలాల గురించే. "హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ తీసి పడేద్దామనుకుంటున్నాం" అని ఒకరు. "బెంగళూరులో అయితే అద్దె బాగా వస్తుందట" అని ఇంకొకరు. "ఎందుకండీ అంత దూరం, మన బైపాస్ పక్కనే వెంచర్ వేశారుగా" అని మూడోవారు. ఈ నెల డబ్బు పాఠం ఆ ముగ్గురి కోసమే. ఉండటానికి కట్టుకునే ఇల్లు వేరే విషయం, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఉన్న ఇల్లు కాకుండా, పెట్టుబడిగా మొదటిసారి కొనే ఆస్తి ఎక్కడ ఉంటే మంచిదన్నదే ప్రశ్న.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మొదటి ఆస్తి, దాని కాగితాలు మీరే చదువుకోగలిగిన చోట, ఆదివారం పొద్దున్నే బయల్దేరి చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికి చేరగలిగిన చోట కొనండి. చాలామందికి అది సొంత జిల్లా అవుతుంది. కొందరికి మాత్రం పక్క రాష్ట్రమే అవుతుంది. ఎందుకో చూద్దాం.

గీత దాటితే మారేది దూరం కాదు

కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. అదే కర్నూలు నుంచి విజయవాడ 300 దాటుతుంది. ఖమ్మంలో ఉండేవారికి విజయవాడ 120 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ దాదాపు 200. హిందూపురం వారికి బెంగళూరు రెండు మూడు గంటల ప్రయాణం. తిరుపతి వారు పెళ్లి బట్టలకు చెన్నై వెళ్లడం ఈనాటిది కాదు. అంటే "పక్క రాష్ట్రం" అన్న మాటకూ దూరానికీ సంబంధం లేదు. 2014 జూన్ 2కి ముందు రోజు వరకూ గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లి కొన్నవారు సొంత రాష్ట్రంలోనే కొన్నారు. ఆ మర్నాటి నుంచి అదే ఫ్లాటు వేరే రాష్ట్రంలో ఉంది. ఫ్లాటు కదల్లేదు, రోడ్డూ పెరగలేదు.

మారింది పుస్తకం. భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్, లేఅవుట్ అనుమతులు, ఇంటి అద్దె చట్టం, రెరా సంస్థ, ఇవన్నీ రాష్ట్రం రాష్ట్రానికీ వేరు. రెరా చట్టం 2016లో దేశం మొత్తానికీ ఒకటే వచ్చినా, నిబంధనలు, నమోదు, ఫిర్యాదుల విచారణ మాత్రం ప్రాజెక్టు ఉన్న రాష్ట్రంలోనే. కోర్టు సంగతీ అంతే. స్థిరాస్తి మీద హక్కుకు సంబంధించిన దావా ఆ ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెబుతుంది. రాజమండ్రిలో ఉంటూ బెంగళూరు స్థలం మీద గొడవ వస్తే, వాయిదా వాయిదాకూ బెంగళూరే వెళ్లాలి. కొనేటప్పుడు ఈ ఖర్చును ఎవరూ లెక్కలో రాయరు.

ఒక్కోసారి కొనే అర్హతే మారుతుంది. వ్యవసాయ భూమిని మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా కొనవచ్చు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో రైతు కానివారు మామూలుగా కొనలేరు. కర్ణాటకలోనూ అలాంటి ఆంక్షే ఉండేది, 2020లో తీసేశారు. ఉద్యోగరీత్యా విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఇంకొకటి గమనించాలి. ఎన్నారైలు ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. "ఫామ్ ప్లాట్" అని అందంగా పేరు పెట్టినా, రికార్డులో సాగు భూమిగా ఉంటే అది సాగు భూమే.

చదవగలిగిన కాగితం

ఇక్కడ కాస్త ఆగుదాం, అసలు తేడా ఇక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో పొలం సంగతి తెలుసుకోవాలంటే అడంగల్, 1-బి చూస్తాం, మీభూమిలో దొరుకుతాయి. తెలంగాణలో ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది, అక్కడ పాస్‌బుక్, పహాణీ. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి. ఏ రాష్ట్రంలోనైనా ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. అన్నదమ్ముల పంపకాల తగాదా, కోర్టు కేసు, నోటుమీద రాసుకున్న అగ్రిమెంటు అందులో ఉండకపోవచ్చు. "ఈసీ క్లీన్‌గా ఉంది" అన్న మాటతో పని పూర్తి కాదు.

ఇక బెంగళూరు వెళ్దాం. అక్కడ ఖాతా అన్న మాట వినిపిస్తుంది. ఎ ఖాతా, బి ఖాతా అని రెండు రకాలు. బి ఖాతా ఉందంటే ఆ ఆస్తి మీద పన్ను కట్టించుకుంటున్నారని అర్థమే తప్ప, లేఅవుట్‌కూ నిర్మాణానికీ అన్ని అనుమతులూ ఉన్నాయని కాదు. పేరులో ఒక్క అక్షరమే తేడా. కానీ బ్యాంకు రుణం దగ్గర, తిరిగి అమ్మేటప్పుడు ఆ అక్షరం పెద్దదైపోతుంది. పహాణీని అక్కడ ఆర్‌టీసీ అంటారు, అది కన్నడలో ఉంటుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాం, అర్థమైనట్టే అనిపిస్తుంది. అదే ప్రమాదం. తమిళనాడు పట్టా, చిట్టా చేతిలో పెడితే కనీసం తెలియదని తెలుస్తుంది, తెలిసినవారిని పిలుస్తాం.

మన ఊళ్లో దస్తావేజు అయితే "తూర్పు: ఫలానావారి స్థలం, పడమర: పంచాయతీ రోడ్డు" అని హద్దులు చదవగానే మనకో బొమ్మ కనిపిస్తుంది. ఆ ఫలానావారు ఎవరో తెలుసు, లేదా తెలిసినవారు తెలుసు. ఆ ఇంటికి వెళ్లి "హద్దు విషయంలో ఏమైనా పేచీ ఉందా బాబాయ్?" అని అడగొచ్చు. ఏ న్యాయవాది రిపోర్టులోనూ రాని సమాధానం అక్కడ వస్తుంది.

వాన సంగతీ అంతే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. విజయవాడవారు ఇప్పుడు స్థలం చూడబోతే మొదట అడిగేది "అప్పుడు ఇక్కడ ఎంతవరకు నీళ్లొచ్చాయి?" అని. బయటి ఊరివారు ఏప్రిల్‌లో కారులో వచ్చి, ఎండిన నేల చూసి, కాలవ గట్టు పక్కన గాలి బాగుందని సంతోషపడి వెళతారు. 2015 డిసెంబరు వరదలు చూసిన చెన్నైవారికీ, 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ట్రాక్టర్లలో ఆఫీసులకు వెళ్లినవారికీ వాళ్ల ఊళ్ల గురించి ఇలాంటి ప్రశ్నలే తెలుసు. మనకు తెలియవు. హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు 2024 జులైలో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాకే చాలామంది బయటివారు మొదటిసారి విన్నారు. అమ్మకపు బ్రోచర్‌లో అదే స్థలాన్ని "లేక్ వ్యూ" అంటారు.

సొంత ఊరూ మోసం చేయగలదు

స్థానికం అంటే భద్రం అని మాత్రం మేము చెప్పడం లేదు. మన దగ్గరా గుంటలున్నాయి.

అరకు చలికి మురిసిపోయి అక్కడో చిన్న స్థలం కొనుక్కుందామనుకునేవారు ఏటా ఉంటారు. ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. 1970 నాటి భూ బదలాయింపు నిబంధన, అందరూ 1/70 అని పిలిచేది, ఇందుకే ఉంది. ఎంత తక్కువకు ఇచ్చినా, ఎన్ని స్టాంపు కాగితాలు రాసినా హక్కు రాదు. అలాగే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధిత జాబితా ఒకటి ఉంటుంది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరు వేసి చూసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. "మావాడే కదా అమ్ముతున్నాడు" అని ఆ పది నిమిషాలు వదిలేయకండి. తెలిసినవారి దగ్గర కొనేటప్పుడు కాగితాలు అడగడానికి మొహమాటపడటం మన ఊళ్ల పెద్ద జబ్బు.

అమరావతి సంగతి అందరికీ తెలిసిందే. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి. మొదట్లో అప్పు చేసి చుట్టుపక్కల ప్లాట్లు కొన్న జీతగాళ్లలో ఆ మధ్య సంవత్సరాల్లో ఈఎంఐ కట్టలేక వచ్చిన ధరకు ఇచ్చేసినవారు ఉన్నారు, ఓపిక పట్టినవారూ ఉన్నారు. ఓపిక అంటున్నాం గానీ, అది అప్పు లేనివారి దగ్గరే ఉంటుంది. ఇంటి పక్కన ఉన్న స్థలమైనా సరే, ఒక్క ప్రభుత్వ నిర్ణయం మీద నిలబడిన ధరను మన పరిచయాలు కాపాడలేవు.

లెక్క వేసి చూద్దాం

ఎనిమిదో తరగతిలో మీ అబ్బాయో అమ్మాయో చక్రవడ్డీ నేర్చుకుంటున్నారు. ఈ లెక్కకు పక్కన కూర్చోబెట్టుకోండి.

పూర్తయి, గృహప్రవేశానికి సిద్ధంగా ఉన్న ఫ్లాటు 60 లక్షలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. కర్ణాటకలో 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతానికి పెరిగాక, సెస్సులతో కలిపి మొత్తం 7.6 శాతం దగ్గర తేలుతుంది. తమిళనాడులో 9 శాతం. చూశారుగా, ఫీజుల్లో పెద్ద తేడా లేదు. "అక్కడ రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువ" అన్న కారణంతో రాష్ట్రం ఎంచుకోనక్కర్లేదు. అదే ఫ్లాటు ఇంకా కడుతుంటే 5 శాతం జీఎస్టీ, అంటే మరో 3 లక్షలు. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

30 లక్షలు దాటి 75 లక్షల వరకూ గృహరుణానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పరిమితి విలువలో 80 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. కాబట్టి రుణం 48 లక్షలు, మీ చేతి నుంచి 12 లక్షలు, దానిమీద రిజిస్ట్రేషన్ 4.5 లక్షలు. వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 41,700.

అద్దె ఎంత? మన నగరాల్లో ఫ్లాట్ల అద్దె సాధారణంగా ఏడాదికి ధరలో 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. 3 శాతం వేసుకుంటే నెలకు 15,000. ఇంటి పన్ను, రిపేర్లు, మనుషులు మారేటప్పుడు ఖాళీగా ఉండే నెల తీసేస్తే 12,500 అనుకోండి. మిగిలిన 29,000 ప్రతి నెలా మీ జీతంలోంచే వెళ్లాలి. ఏడాదికి మూడున్నర లక్షలు.

ఆ మూడున్నర లక్షల పక్కన మీ ఇంటి ఫీజుల క్యాలెండర్ పెట్టండి. ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న బిడ్డ ఐదేళ్లలో ఇంటర్‌కు, ఏడేళ్లలో డిగ్రీకో ఇంజనీరింగ్‌కో వస్తుంది. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది. ఫ్లాటు అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది. తొందరలో అమ్మితే కొనేవాడికి ఆ తొందర వాసన తగులుతుంది, అదీ ఊరు కాని ఊళ్లో అయితే మరీను. అందుకే చదువు డబ్బును స్థలంలో పెట్టకండి. ఆ డబ్బు వేరేగా, కావలసినప్పుడు చేతికొచ్చే చోట ఉండాలి. అది పక్కన పెట్టాక కూడా నెలకు 29,000 మిగులుతుందా అన్నదే అసలు పరీక్ష. మిగలకపోతే ఏ రాష్ట్రమన్న ప్రశ్నే రాదు.

దూరపు ఆస్తికి ఇంకో వరుస ఖర్చులు కలుస్తాయి. అద్దెకున్నవారు మారిన ప్రతిసారీ ఒక ప్రయాణం, ఒక సెలవు, బ్రోకర్‌కు ఒక నెల అద్దె. బెంగళూరులో అడ్వాన్స్ కింద చాలా నెలల అద్దె ముందే తీసుకునే అలవాటుంది. అది ఆదాయం కాదు, ఖాళీ చేసేటప్పుడు తిరిగివ్వాల్సిన బాకీ. ఖర్చు పెట్టేసుకుని తర్వాత వెతుక్కునే యజమానులు ఎంతమందో.

అయినా పక్క రాష్ట్రమే సరైనదయ్యే సందర్భాలు

మీ పెద్దమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఇప్పటికే అద్దె కడుతోందా? మీ తమ్ముడు బెంగళూరులో పదేళ్లుగా స్థిరపడ్డాడా, ఫోన్ చేస్తే వెళ్లి చూసొస్తాడా? రెండేళ్లలో మీకే బదిలీ ఉందా? వీటిలో ఒక్కటి నిజమైనా ఆ ఊరు మీకు పరాయిది కాదు. ఇంకొక బలమైన కారణం కూడా ఉంది. ఉద్యోగం, సొంత ఇల్లు, తాతలిచ్చిన పొలం అన్నీ ఒకే ఊళ్లో ఉన్న కుటుంబం తర్వాతి ఆస్తిని వేరే చోట పెట్టడంలో అర్థముంది. కానీ అది రెండో ఆస్తి గురించిన ఆలోచన. తొలి ఆస్తికి "ఎవరో చెప్పారు, అక్కడ పెరుగుతోందట" అన్నది చాలదు.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే మా సలహా ఒక్కటే గట్టిగా చెబుతాం. దూరంలో ఖాళీ స్థలం వద్దు, నలుగురు కాపురముంటున్న ఫ్లాటు తీసుకోండి. ఖాళీ స్థలానికి కంచె, చెట్లు కొట్టించడం, హద్దు రాళ్లు కదలకుండా చూసుకోవడం, ఆక్రమణ భయం, ఇవన్నీ దగ్గరుండి చేయాల్సిన పనులు. ఫ్లాటుకైతే వాచ్‌మన్, అసోసియేషన్, పక్కింటివారు ఉంటారు.

కడుతున్న ప్రాజెక్టు అయితే ఆ రాష్ట్ర రెరా సైట్‌లో నంబరు వేసి చూడండి. రెరా నమోదు కాకముందే ప్రకటనలివ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. కాబట్టి "ప్రీ-లాంచ్ ధర, ఈ వారమే" అన్న మాట వినిపిస్తే అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. అమ్మకపు అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోవడానికి వీల్లేదు. ధర అడిగేటప్పుడు కార్పెట్ ఏరియాకు చదరపు అడుగు ఎంత పడుతుందో లెక్కేయండి, మెట్లు, లిఫ్టు కలిపిన సైజుకు కాదు. న్యాయవాదిని మీరు పెట్టుకోండి, ఆ ఊరివారినే. బిల్డర్ చూపించిన న్యాయవాది బిల్డర్ మనిషే. బ్యాంకు రుణం మంజూరు చేయడం మంచి సూచన, కానీ బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత వరకే.

రిజిస్ట్రేషన్‌కు వెళ్లలేక ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే, ఆ ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ ఇవ్వండి. జీపీఏ మీద ఆస్తి కొనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది.

పన్నుల్లో రాష్ట్రాన్ని బట్టి తేడా లేదు కాబట్టి రెండు ముక్కలే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాల్సింది కొనేవారే. అమ్మేవారు ఎన్నారై అయితే పట్టాల్సింది ఇంకా చాలా ఎక్కువ, ముందు ఆడిటర్‌ను అడగండి. ఇప్పుడు కొన్నదాన్ని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా.

ఈ నెల హోంవర్క్

మీ మనసులో ఉన్న రెండు ఆస్తులను, దగ్గరిదొకటి దూరానిదొకటి, ఒకే కాగితం మీద రాయండి. ప్రతిదాని కింద మూడు జవాబులు కావాలి. దాని గత 30 ఏళ్ల కాగితాలు చదివి నాకు నోటితో చెప్పగలిగేది ఎవరు? రేపు పైపు పగిలితే వెళ్లేది ఎవరు? వాన కురుస్తున్నప్పుడు ఆ చోటు చూసింది ఎవరు? మూడింటికీ ఇంట్లోవారి పేరో, దగ్గరివారి పేరో రాయగలిగితే ఆ ఆస్తిని లోతుగా పరిశీలించండి. ఏజెంట్ పేరు తప్ప ఇంకే పేరూ రాకపోతే ఆ గడి ఖాళీ అని రాయండి.

టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఈ కాగితం పూర్తయ్యేవరకూ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు చెక్కో, బ్యాంకు ద్వారానో ఇచ్చి, వెనక్కి రావాల్సిన షరతులు రాసిన రసీదు తీసుకోండి. స్థిరాస్తి అడ్వాన్సుగా 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. నగదే కావాలని పట్టుబట్టే అమ్మకందారుకు ఆ నిబంధన మర్యాదగా గుర్తుచేసి, ఆయన ఏమంటారో వినండి.